దయ్యాల పిన్ని, చివరి పదహారు పేజీలు

మంచి దయ్యం కథ దొరకడం ఎంత కష్టమో దయ్యం కథలు చదవనివాళ్ళకి తెలియదు. వాళ్ళకి అన్నీ ఒకటే. ఓ పాత బంగళా, ఓ తెల్లచీర, నాలుగు గబ్బిలాలు. చదివేవాళ్ళకి తెలుసు, పది పుస్తకాలు తెస్తే తొమ్మిదింటిలో దయ్యం మొదటి పేజీలోనే వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత దానికి చేయడానికి పనుండదు. లేదంటే చివర్లో అదంతా కల అని తేల్చేస్తారు. అలా కల అని తేల్చిన పుస్తకాన్ని నేనొకసారి గోడకేసి కొట్టాను. ఆ చప్పుడుకి మా ఆవిడ వచ్చి, పుస్తకం తీసి దుమ్ము దులిపి, "పాపం ఇదేం చేసింది మిమ్మల్ని" అంది.

అలాంటి నాకు పదకొండేళ్ళలో ఒక్క చెత్త పుస్తకం కూడా ఇవ్వని మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ గురించే ఇది.

నాది జిరాక్స్ షాపు. రోడ్డుకి అటుపక్క, సరిగ్గా ఎదురుగా, పాత కాగితాల కొట్టు. ఇక్కడ నేను కాగితాలు పుట్టిస్తుంటే అక్కడ అవి చివరికి చేరుకుంటాయి. కొట్టు ఆవిడ మరిదిది. రేకుల షెడ్డు, ముందు తూకం, వెనక కాగితాన్ని అదిమి మిల్లుకి పంపడానికి బేళ్ళుగా కట్టే మిషను. ఆవిడ గుమ్మం పక్కన గోనెసంచి మడత మీద కూర్చుని వచ్చిన సరుకును విడదీస్తుంది. వార్తాపత్రికలు ఒక పక్క, రాసేసిన నోటుబుక్కులు ఒక పక్క, అట్టలు ఒక పక్క. పుస్తకాలు మాత్రం ఒళ్ళో పెట్టుకుని చూస్తుంది. అరవై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది, మాట కూడా అంతే నిటారు. వీధి మొత్తానికి పిన్ని. ఆవిడ లేనప్పుడు దయ్యాల పిన్ని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "ఉన్నప్పుడు కూడా అనండర్రా, దయ్యాలకి లేని నామోషీ నాకెందుకు" అనేది.

షెడ్డులో ఒక మూల ఇనుప అర ఉంది. బేలులోకి వెళ్ళకుండా ఆవిడ కాపాడిన దయ్యం కథలన్నీ అందులో ఉండేవి. ఎలా ఏరుతుందో మొదట్లో నాకు అంతుపట్టలేదు. అడిగితే ఒకరోజు చూపించింది. రెండు పుస్తకాలు మూసి, పేజీల అంచు నా వైపు తిప్పి పట్టుకుంది.

"దీన్ని చూడు. ముందు ముప్ఫై పేజీలు మాసి ఉన్నాయి, తర్వాత అంతా తెలుపు. అంటే చదివినవాడు అక్కడ నిద్రపోయాడు. ఇది మిల్లుకే. దీన్ని చూడు, మొదటినుంచి చివరిదాకా ఒకేలా మాసింది. అంటే నలుగురి చేతులు చివరిదాకా వెళ్ళాయి. ఇది అరలోకి."

"అంతేనా?"

"ఇంకా ఉంది. లెక్కల పుస్తకం అట్ట వేసుంటే మరీ మంచిది. ఎవరో ఇంట్లో తెలియకుండా చదివారన్నమాట. మధ్యలో ఎక్కడైనా పేజీ మూల నలిగిపోయి ఉంటే కళ్ళకద్దుకోవచ్చు. అక్కడ ఎవడో గట్టిగా పట్టుకున్నాడు."

పుస్తకాల గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చినవాళ్ళని విన్నాను గానీ ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఆవిడ పెట్టిన నియమం ఒకటే. పుస్తకం ఊరికే తీసుకెళ్ళొచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం బేలు మీద కూర్చుని కథ మొత్తం చెప్పి కదలాలి, ముఖ్యంగా ముగింపు. ఆవిడ చేతులు కాగితాలు విడదీస్తూనే ఉండేవి, చెవులు మాత్రం మనమీదే. ఒకసారి సగం చదివి వదిలేసిన పుస్తకానికి నేనే ఓ ముగింపు అల్లి చెప్పాను. ఆవిడ పుస్తకం అందుకుని అంచు చూసింది, ఓ చోట తెరిచింది.

"ఇదిగో, ఈ మూల నలిగి పీచైపోయింది. నువ్వు చెప్పినదాంట్లో ఇక్కడ వాళ్ళు టీ తాగుతున్నారు. టీ తాగేచోట పేజీ నలిపేస్తారా ఎవరైనా? పో, మళ్ళీ చదివిరా."

సిగ్గుతో చచ్చి మళ్ళీ చదివాను. ఆ పేజీలో అద్దంలోని మనిషి ముందు నవ్వుతాడు, బయటి మనిషి తర్వాత నవ్వుతాడు. నేనూ ఆ మూలే నలిపాను.

ఆవిడ అన్నీ ముందే చదివేసి మాకు పరీక్ష పెడుతోందని మా అందరి నమ్మకం. అట్ట మీద బొమ్మ ఉంటే తనే తేల్చేసేది, అట్ట ఊడిన పుస్తకం వస్తే మాత్రం రోడ్డు దాటి నా దగ్గరికి తెచ్చేది. "అబ్బాయ్, ఇది ఏ రకమో కాస్త చూడు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను." నాకు యాభై రెండేళ్ళు, అయినా అబ్బాయినే. నేను రెండు పేజీలు తిరగేసి దయ్యమో, ప్రేమో, గుండెజబ్బులకు ఆహార నియమాలో చెప్పేవాణ్ణి. పదకొండేళ్ళపాటు ఒక మనిషి రోజూ కళ్ళజోడు మర్చిపోతుందా అని నా బుర్రకి తట్టలేదు. అదే మనిషి గోనెసంచులు కుట్టే సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించడం రోజూ చూస్తున్నా తట్టలేదు. తెలివైనవాణ్ణని మా ఇంట్లో నాకో పేరుంది, అది నేను పెట్టుకున్నదే.

ఇలా ఉండగా మా వీధిలోకి టీచరమ్మ అద్దెకి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు ఒకటో తరగతికే చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై మూడేళ్ళు. మా షాపుకి మూడిళ్ళ అవతల మేడ మీద వాటా. వచ్చిన వారానికే దయ్యం కథల కోసం నన్ను అడిగింది.

"ముప్ఫై నాలుగేళ్ళు కాకి, కోతి, కుందేలు కథలే చదివానయ్యా. ఇక నా వల్ల కాదు. నాకు భయం వేయాలి."

పిన్ని దగ్గరికి పంపాను. ఇద్దరికీ చూడగానే కుదిరిపోయింది. టీచరమ్మ కథ చెప్పడం ఒక ముచ్చట, దయ్యం గొంతు వేరుగా, తలుపు కిర్రుమనడం వేరుగా చెప్పేది. పిన్ని చేతులు ఆగిపోయేవి. మరిది వెనకనుంచి "వదినా, సరుకు" అని అరిస్తే గానీ కదిలేవి కావు.

పోయిన సంవత్సరం ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో రెండు బళ్ళ కాగితం తెచ్చి పోశారు. అందులో అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. ముందు కాగితమూ లేదు, పేరూ లేదు, ఎవరు రాశారో లేదు. పిన్ని నా దగ్గరికి తెచ్చింది, కళ్ళజోడు మామూలుగానే ఇంట్లో ఉంది. నేను రెండు పేజీలు చూసి "దయ్యమే" అన్నాను. అంచు చూపించింది. మొదటినుంచి చివరిదాకా నల్లగా మాసి ఉంది. చివరి పేజీ అయితే మరీ నలుపు.

"ఇంతవరకు ఇలాంటిది నా చేతికి రాలేదు. చివరి పేజీ చూడు, ఎన్నిసార్లు చదివారో. టీచరమ్మకి ఇస్తాను" అంది.

అయిదో రోజు మధ్యాహ్నం టీచరమ్మ ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది. నేనూ వెళ్ళి బేలు మీద కూర్చున్నాను.

కథ ఇది. ఒక కొత్త కోడలు అద్దె ఇంట్లోకి దిగుతుంది. కింద తాళం వేసిన గది. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గదిలోంచి కుట్టుమిషను చప్పుడు. తాళం తీయించి చూస్తే మిషనుకి సూది లేదు, బెల్టు లేదు, వేలు మందాన దుమ్ము. కానీ పక్కన కుర్చీ మీద కొత్తగా కుట్టిన చొక్కా కాలరు ఉంది. మర్నాడు దానికి వీపు ముక్క చేరింది. ఆ మర్నాడు జేబు. తర్వాత ఒక చెయ్యి. ఐదేళ్ళ పిల్లవాడికి పట్టే చొక్కా. ఆ ఇంట్లో పిల్లలే లేరు. ఇక ఒక్క చెయ్యి మిగిలింది. మూడు అవుతోంది. ఆమె తలుపు తీసి చూసేసరికి కుర్చీ మీద...

టీచరమ్మ ఆగింది.

"కుర్చీ మీద?" అంది పిన్ని.

"అదే నేను మిమ్మల్ని అడగాలి. నూట డెబ్బై ఆరో పేజీలో 'కుర్చీ మీద' అని ఉంది. తర్వాత పేజీలు లేవు. మీరు చదివే ఉంటారుగా, కుర్చీ మీద ఏముంది?"

పిన్ని మొహంలో రంగు మారడం చూశాను. పుస్తకం లాక్కుని వెనక పేజీ వేలితో రుద్దింది. నలుపు వేలికి అంటింది. అప్పుడు అర్థమైనట్టుంది ఆవిడకి. చివరి పేజీలు ఊడిపోయాక ఆ పేజీ బయటపడి, ఏళ్ళ తరబడి నేలకి రాసుకుని మాసింది. అది చదివినవాళ్ళ చేతి మురికి కాదు, గచ్చు మురికి. మొత్తం ఊళ్ళో ఈ పొరపాటు చేయగల మనిషి ఆవిడ ఒక్కతే.

"వెతికి ఇస్తాను" అంది, టీచరమ్మ మొహం చూడకుండా. "ఆ ఇంటి కాగితం ఇంకా మిల్లుకి పోలేదు."

టీచరమ్మ మాత్రం పిన్ని పుస్తకం పట్టుకున్న తీరునే చూస్తూ ఉంది. ఒకటో తరగతికి ముప్ఫై నాలుగేళ్ళు చెప్పిన మనిషి, చదివేవాళ్ళ కళ్ళు పేజీ మీద ఎలా కదులుతాయో, చదవనివాళ్ళ కళ్ళు ఎలా నిలబడిపోతాయో తెలియదా. ఆమెకి ఆ క్షణంలోనే తెలిసిపోయిందట. నాకు తర్వాత చెప్పింది.

మిల్లు లారీ శనివారం వస్తుంది. ఆ రోజు మంగళవారం. ఆ ఇంటి కాగితం ఏడు బేళ్ళలో కలిసిపోయి, తీగ బిగించి ఉంది. పిన్ని బుధవారం పొద్దున్నే కటింగ్‌ప్లేయరు తీసుకుని మొదటి బేలు తీగ కత్తిరించింది. మరిది నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"వదినా, కట్టినవి విప్పుతావా? నాలుగు కాగితాల కోసం? మళ్ళీ ఎవరు కడతారు?"

"నేనే కడతాను. నువ్వు పోయి తూకం చూసుకో."

ఆయన నోరున్న మనిషే గానీ వదిన దగ్గర అది పనిచేయదు. గొణుక్కుంటూ పోయాడు. నాకేమో షాపు వదిలిరావడానికి లేదు. ఎవరైనా వచ్చినప్పుడు కాపీలు తీసి ఇవ్వడం, లేనప్పుడు రోడ్డు దాటి పేజీల నంబర్లు చూసి పెట్టడం. నూట డెబ్బై ఏడు ఎక్కడైనా ఉందా అని నేను నంబర్లు వెతుకుతుంటే పిన్ని నంబర్ల జోలికే పోలేదు. ప్రతి చిత్తుకాగితాన్నీ వెలుతురుకేసి పట్టి చూసేది. శుక్రవారం మధ్యాహ్నానికి అయిదు బేళ్ళు అయిపోయాయి. ఆవిడ చేతివేళ్ళు తీగ గీతలతో ఎర్రబడ్డాయి.

"వెలుతుర్లో ఏం చూస్తున్నారు పిన్నీ?"

"చిల్లు" అంది.

ఆ పుస్తకాన్ని పురుగు తొలిచింది. మొదటి పేజీలో పై అంచునుంచి రెండు వేళ్ళ కింద మొదలై, కాస్త వాలుగా, నూట డెబ్బై ఆరో పేజీ దాకా ఒకటే చిల్లు. పురుగు చివరి పేజీ దగ్గర ఆగిపోదు కదా, దానికి కథతో పనేముంది. ఊడిపోయిన పేజీల్లోనూ అదే చోట చిల్లు ఉండి తీరాలి.

ఆరో బేలులో, ఓ పాత వారపత్రిక కడుపులో ఇరుక్కుని దొరికాయి. పదహారు పేజీలు, ఒకే మడత. పిన్ని వాటిని పుస్తకం వెనక ఆనించి, గోనెసంచి సూది తీసి చిల్లులోకి దూర్చింది. సూది మొదటి పేజీలో దూరి, ఎక్కడా తగలకుండా, ఆఖరి పేజీలోంచి బయటికొచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది, అన్ని దయ్యం కథలు చదివినా అలా ఎప్పుడూ కాలేదు.

టీచరమ్మ కూడా అప్పుడే వచ్చింది. నేను ఆగలేకపోయాను.

"చదవండి పిన్నీ, చదవండి. కుర్చీ మీద ఏముందట?"

"కళ్ళజోడు..." అంది.

"నాది పెట్టుకోండి" అని తీసి ఇచ్చేశాను. నా అంత తెలివితక్కువవాడు ఇంకొకడుంటాడా.

ఆవిడ నా కళ్ళజోడు పెట్టుకుంది. పేజీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కళ్ళజోడు తీసి, కొంగుతో దాని అద్దాలు తుడిచి నా చేతిలో పెట్టింది.

"నాకు చదవడం రాదు అబ్బాయ్."

అంతకుముందు ఆ మాట ఎవరికీ చెప్పలేదట. చెప్పడం మొదలయ్యాక ఆగలేదు. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య దయ్యం కథలు చదివి వినిపించేవాడు. సరిగ్గా భయం వేసే చోట పుస్తకం మూసేసి, "మిగతాది నువ్వే చదువుకో పో" అనేవాడు. చెల్లెలు ఆ కోపంతోనైనా చదువుకుంటుందని వాడి ఆశ. ఇంట్లో చంటిపిల్లల్ని ఎత్తుకోవడానికి మనిషి కావాల్సి వచ్చి ఈవిడ నాలుగు రోజులు బడికి వెళ్ళి మానేసింది. అన్నయ్య పదిహేడేళ్ళకే జ్వరంతో పోయాడు.

"వాడు చదివిన కథలన్నీ నాకు సగంలోనే ఉన్నాయి. ఇప్పటికీ. అందుకే మీ అందరినీ ముగింపులు అడిగేది. పరీక్ష పెట్టడానికి కాదు."

నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. అల్లిన ముగింపు ఒకటి ఆవిడకి అంటగట్టబోయాను నేను.

టీచరమ్మ ఆ పదహారు పేజీలు అందుకుంది. మొదటి వాక్యం కళ్ళ ముందే ఉంది. ఆ కథ కోసం నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదని పొద్దునే నాతో అన్న మనిషి. పేజీలు బోర్లించి, సంచిలో పెట్టుకుంది.

"వెతికింది మీరు. ముందు మీరే చదవాలి. అప్పటిదాకా నేనూ చదవను, ఇతనూ చదవడు."

"నేను చదివేసరికి మీకు నూరేళ్ళు నిండుతాయి టీచరమ్మగారూ."

"అయితే నూరేళ్ళు బతుకుతాను. నాకేం నష్టం?"

నన్నెందుకు ఇరికించారో నాకు అర్థం కాలేదు. కానీ ఆమె చూపు ఒకటో తరగతి చూపు. చేతులు కట్టుకుని ఊరుకున్నాను.

పలకా బలపం కొన్నారు. రోజూ మూడింటికి, టీచరమ్మ మేడ మీద, కిటికీ దగ్గర. మొదటి వారం అల, వల, తల. పిన్నికి విసుగొచ్చేసింది. "ఈ వలలో దయ్యమేమైనా పడుతుందా అండీ? వలా లేదు, అలా లేదు, ఇందులో ఎవరికి ఏమవుతుందో చెప్పండి" అంది. టీచరమ్మ ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో పుస్తకం మీద ఇంత న్యాయమైన ఫిర్యాదు వినలేదట. పలక పక్కన పెట్టి, పదహారు పేజీలు తీసుకుని నా షాపుకి వచ్చింది.

"అక్షరాలు ఇంతింత చేసి ఇవ్వు. ముందు నీ కళ్ళజోడు ఇలా ఇయ్యి."

నా కళ్ళజోడు ఆమె గుప్పిట్లో పెట్టుకుని, నేను తడుముకుంటూ ఒక్కో పేజీ పెద్దది చేసి తీస్తుంటే పక్కనే కాపలా ఉంది. గాజు మీద బోర్లించిన ప్రతి పేజీ నాకు మసక మసగ్గా కనిపించింది. బతుకంతా కాపీలు తీసినవాణ్ణి, ఆ రోజు తీసినంత బాధగా ఎప్పుడూ తీయలేదు.

తొమ్మిది రోజులు పట్టింది మొదటి రెండు మాటలకి. తొమ్మిదో రోజు సాయంత్రం పిన్ని రోడ్డు మధ్యలోంచే నాకు వినపడేలా అంది, "అబ్బాయ్, కుర్చీ మీద ఏముందో తెలిసింది."

"ఏముంది?"

"ఏమీ లేదు. అదే రాసుంది. 'ఏమీ లేదు' అని. తొమ్మిది రోజులు బలపం అరగదీస్తే ఏమీ లేదట." కోపంగానే అంది గానీ మొహం వెలిగిపోతోంది. తన కళ్ళతో తను తెలుసుకున్న మొదటి సంగతి అది.

తర్వాత వేగం పెరిగింది. రోజుకో మాట, తర్వాత రోజుకో వాక్యం. వాన మొదలయ్యేసరికి మూడు పేజీలు. తెలియని అక్షరం పలక మీద గీసి అడిగేది గానీ పేజీ టీచరమ్మకి కూడా చూపించేది కాదు, ఆ మూడు పేజీల కథ మాకు చెప్పేదీ కాదు. "మొత్తం అయ్యాకే" అనేది. అన్నయ్య బుద్ధులు ఎక్కడికి పోతాయి.

అయిదో పేజీలో ఒత్తులు గుంపుగా వచ్చిపడ్డాయి. "అక్షరం కాళ్ళ కింద దాక్కుని కూర్చుంటాయి, అసలు దయ్యాలు ఇవే" అని రెండు రోజులు నవ్వించింది. మూడో రోజు నవ్వలేదు. నాలుగో రోజు వెళ్ళలేదు. నేను అడిగితే, "ఈ వయసులో నాకెందుకు అబ్బాయ్ ఇదంతా, వినడానికి చెవులున్నాయిగా, టీచరమ్మని చదివేసుకోమను" అంది, తల ఎత్తకుండా.

పది రోజులు గడిచాయి. నేను మేడ మీదికి వెళ్ళాను. బల్ల మీద పదహారు పేజీలు బోర్లించి ఉన్నాయి.

"ఆవిడే చదివేసుకోమంటోంది కదా. చదివేద్దాం టీచరమ్మా. ఆవిడకి మనమే చెబుదాం."

టీచరమ్మ చెయ్యి పేజీల మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆమెకి ఎంత కోరికగా ఉందో ఆ వేళ్ళు చూస్తే తెలుస్తోంది.

"చదివితే ఆవిడకి ఇంకో సగం కథ మిగులుతుందయ్యా" అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

నేరుగా కొట్టుకి వెళ్ళి బేలు మీద కూర్చుంది. చదువు ఊసెత్తలేదు. "ఏం తోచడం లేదు, మంచి దయ్యం కథ ఒకటి ఇవ్వండి" అంది, మామూలు ఖాతాదారులాగా. పిన్నికి కాస్త ఊపిరి ఆడినట్టుంది. అరలోంచి ఒక పుస్తకం తీసింది, అంచు చూసింది, మూలలు చూసింది, అట్ట తిప్పి, "మెట్ల కింద చప్పుళ్ళు, ఇది బాగుంటుంది, తీసుకోండి" అంది.

టీచరమ్మ చెయ్యి చాపలేదు. నేను కూడా కదల్లేదు. పిన్ని చాపిన చెయ్యి అలాగే ఉంది.

"ఏం?"

"పుస్తకం పేరు మీకెవరు చెప్పారు?" అంది టీచరమ్మ.

పిన్ని అట్ట చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. మూడు మాటల్లో మూడు ఒత్తులు, మూడింటినీ చూడకుండానే దాటేసింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత చేతులు దులుపుకుని లేచి, వెనక్కి కేకేసింది, "ఏమయ్యా, నేను మూడింటికి వెళ్తున్నాను. సరుకు నువ్వే చూసుకో."

ఏడు నెలలు పట్టింది మొత్తానికి. ఆఖరి పేజీ కొట్టులోనే చదువుతానంది, బేలు మీద కూర్చుని కథలు విన్న చోటే. నేను షాపు షట్టరు సగం దించి వచ్చాను. టీచరమ్మ కొత్త చీర కట్టుకుంది. మరిది "ఇంకెంతసేపు మీ చదువులు" అనడానికి వచ్చి, మొదటి వాక్యం విని, వెనక్కి వెళ్ళి మిషను ఆపి, వచ్చి కూర్చున్నాడు.

ఆవిడ ముందు పదిహేను పేజీల కథా నోటితో చెప్పింది. ఆ గదిలో ఒకప్పుడు బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. కొడుకు మొదటిసారి బడికి వెళ్ళేరోజుకి చొక్కా కుడుతూ, ఒక చెయ్యి మిగిలుండగా పోయింది. ఆ రోజు మాయమైన చొక్కా మర్నాడు కుర్చీ మీదే దొరికింది, ఆ చెయ్యి లేకుండానే. ఆ చెయ్యి తనే కుట్టాలని కోడలికి తోచింది. ఆమె సూది పట్టి ఎరగదు. తన పాత చీర కొంగు కత్తిరించి, చేత్తో, మూడు రోజులు కుట్టి, చొక్కాకి తగిలించి కుర్చీ మీద పెట్టింది. పిన్ని ఇక్కడిదాకా చెప్పి, పేజీ ఎత్తి, వేలు పెట్టి చదివింది.

"మూడు గంటలకు మిషను చప్పుడు వినిపించింది. ఆమె... తలుపు తెరిచింది. చొక్కాకు గుండీలు పడ్డాయి. జేబు మీద ఇస్త్రీ మడత ఉంది. ఆమె వం... వంకరగా కుట్టిన చేతిని మాత్రం ఎవరూ విప్పలేదు. అలాగే ఉంచారు. ఆ తర్వాత ఆ గదిలోంచి చప్పుడు రాలేదు."

కింద ఇంకేమీ లేదు. అయినా ఆవిడ వేలు ఖాళీ కాగితం మీద కాసేపు అలాగే కదిలింది. టీచరమ్మ ఏడుస్తోంది, దాచుకోలేదు. మరిది గట్టిగా ముక్కు చీదుకుని, "కాగితం దుమ్ము" అన్నాడు.

"మా అన్నయ్య ఉంటే బాగుండేది" అంది పిన్ని. "వాడికి నేను చెప్పేదాన్ని. ఈసారి చివరిదాకా."

అప్పుడు సూది తీసింది. ఒక్కసారికే దారం ఎక్కించి, పదహారు పేజీల మడతని మిగతా పుస్తకానికి కలిపి కుట్టింది. ఖాకీ కాగితంతో అట్ట వేసింది. ఆ పుస్తకానికి పేరు లేదు కదా, ఏదైనా పెట్టమని టీచరమ్మ పెన్ను ఇచ్చింది. పిన్ని చాలాసేపు ఆలోచించి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ రాసిన మొదటి మాటలు అవి. చివరి అక్షరాలకి చోటు చాలక అవి కిందికి జారాయి. "చివరిదాకా ఉంది."

వంకరగానే ఉన్నాయి. టీచరమ్మ వాటిని దిద్దలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు ఇనుప అరలో మొదటిది. మంచి దయ్యం కథ కావాలని ఎవరొచ్చినా నేను ఎదురుగా చెయ్యి చూపిస్తాను. నియమం పాతదే, ఊరికే తీసుకెళ్ళొచ్చు, చదివాక బేలు మీద కూర్చుని కథ చెప్పి కదలాలి. ఆ ఒక్క పుస్తకానికి మాత్రం ముగింపు చెప్పనక్కర్లేదు. అది పిన్ని చదివింది.